గోడ వైపు తిరిగి నిలబడ్డవాళ్లం

మా కంప్యూటర్ సంఘంలో ఒక ఆచారం ఉండేది. అధ్యక్షుడు మెషీన్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు గదిలో ఉన్న అందరూ లేచి గోడ వైపు తిరిగి నిలబడాలి. రిటైరైన హెడ్మాస్టరైనా, అడిక్‌మెట్ లాడ్జిలో ఉండే విద్యార్థి అయినా తిరగాల్సిందే. తప్పు చేసిన బడిపిల్లల్లా వరసగా నిలబడి, పెచ్చులూడిన సున్నాన్ని చూస్తూ, వెనకనుంచి వచ్చే టకటకలు వినేవాళ్లం. చివర్లో ఒక గట్టి దెబ్బ పడేది. అది ఎంటర్ మీట. సుత్తి పట్టిన చెయ్యి కదా, ఆయనకు మెత్తగా కొట్టడం రాదు. "ఆ, ఇగ తిరగుండ్రి" అనేవాడు.

నేను యూనివర్సిటీ లైబ్రరీలో అటెండర్‌గా చేరి అసిస్టెంటుగా రిటైరయ్యాను. బడిలో చదివింది పదో తరగతి. మిగతా చదువంతా బీరువాల మధ్య నిలబడి చదువుకున్నదే. చదివేవాళ్లు బల్లల మీద వదిలేసిన పుస్తకాలను తిరిగి అరల్లో సర్దడం నా పని. సర్దేముందు ప్రతిదాన్నీ ఒకసారి తెరిచేవాణ్ణి. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు కూడా కూడబలుక్కుని చదివాను. ఆ చదువంటే నాకు చాలా గర్వం. ఇప్పటికీ ఉంది, కాకపోతే ఒక చోట సొట్టపడింది. లైబ్రరీలో కొత్తగా చేరిన మీలో కొందరు నన్ను "ఇన్ని పుస్తకాలు ఎట్ల చదివిన్రు సార్" అని అడుగుతుంటారు కాబట్టి, ఆ సొట్ట ఎలా పడిందో చెప్పడం న్యాయం.

సంఘానికి లైబ్రరీ వెనక పాత బైండింగ్ గది ఇచ్చారు. ఆదివారం ఆదివారం అక్కడ కలిసేవాళ్లం. ఇరవై ముప్పై మంది ఉండేవాళ్లం. రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చే గుమాస్తాలు, తార్నాక అపార్ట్‌మెంట్లలోని పెన్షనర్లు, కాంపస్ విద్యార్థులు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి నేర్పడమే సంఘం పని. అధ్యక్షుడు లాలాగూడ వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయిన పెద్దాయన. లాలాపేట్‌లో ఇల్లు. కంప్యూటర్‌ను కూడా ఇంజను లాగే చూసేవాడు. పాడైతే ముందు చెవి ఆనించి వినేవాడు. ఫోన్లో మా గ్రూపుకు అయిదు నిమిషాల మాట రికార్డు చేసి పంపితే, అందులో సగం వాళ్లింటి కుక్కర్ విజిల్సే ఉండేవి. నన్ను మాత్రం ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏమయ్యా పండితా" అనేవాడు. అందులో వెక్కిరింపు ఎంతో, ప్రేమ ఎంతో నాకు పదేళ్లయినా తేలలేదు.

నేను సంఘం వార్తాపత్రం రాసేవాణ్ణి. రెండు పేజీలు. ఎవరు ఏం నేర్పారు, ఎవరు కొత్తగా చేరారు, ఎవరి మనవరాలికి ర్యాంకు వచ్చింది, ఇలాంటివి. బోర్డు మీద అంటిస్తే నిలబడి చదివేవాళ్లు. నా జీవితంలో నా అక్షరాలు జనం నిలబడి చదివింది అక్కడే.

మెషీన్‌కు తాళం వెయ్యాల్సిన అవసరం ఒక పరిశోధక విద్యార్థిని వల్ల వచ్చింది. నల్లగొండ దిక్కు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి, వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఒక తరం ఆడవాళ్ల జీవితాల మీద ఆమె పీహెచ్‌డీ. నాలుగేళ్లు ఆ క్వార్టర్ల చుట్టూ తిరిగి, ముసలమ్మల పక్కన కూర్చుని, వాళ్ల మాటలు రికార్డు చేసింది. తాగి కొట్టిన మొగుళ్లు, పోయిన పిల్లలు, ఎవరికీ చెప్పుకోని సంగతులు. పేర్లు బయటికి రావని, ఆ గొంతులు ఇంకెవరి చెవినా పడవని ఒక్కొక్కరికి మాటిచ్చింది. హాస్టల్లో గదికి నలుగురు. అక్కడ పెట్టుకోలేక, "సార్, మీ మెషీన్ల పెట్టుకోవచ్చా?" అని పెద్దాయన్ను అడిగింది.

"పెట్టుకో బిడ్డా. తాళమేసి పెడదాం" అన్నాడాయన.

తాళం వేశాడు. ఎలాంటి తాళమంటే, మెషీన్ ఒకసారి ఆగిందంటే, మళ్లీ పాస్‌వర్డ్ కొట్టందే లోపలున్న ఒక్క అక్షరం కూడా కనిపించదు. ప్రతి శనివారం ఇంకో డిస్కులోకి కాపీ తీసేవాడు. దానికీ అదే తాళం. ఆదివారం ఆయన తెరిచాడంటే వారమంతా మెషీన్ ఆపేవాళ్లం కాదు. ఆ అమ్మాయి రోజూ సాయంత్రం వచ్చి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, విన్నది విన్నట్టు టైప్ చేసుకునేది. థీసిస్ కూడా అందులోనే రాస్తోంది.

ఇక నా గొప్పతనం వినండి. ఆ నెల మీటింగ్‌లో పెద్దాయన ఒక మాటన్నాడు. "మా వర్క్‌షాపుల ఏ తాళానికైనా జోడు చెవి ఉంటది. ఒకటి మనిషి దగ్గర, ఒకటి ఫోర్‌మన్ డబ్బాల. ఈ పాస్‌వర్డ్ గూడ కాయితం మీద రాసి, కవర్ల పెట్టి, సీల్ వేసి, లైబ్రేరియన్ సార్ బీరువాల పెడత. నాకేమన్న అయితే?"

నేను లేచాను. కంప్యూటర్ భద్రత మీద అప్పుడే వచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం నా చేతిలో ఉంది. చీటీ పెట్టిన పేజీ తెరిచి చదివి, తెలుగులో చెప్పాను. పాస్‌వర్డ్ ఎప్పుడూ కాగితం మీద రాయకూడదు. రెండో మనిషికి చెప్పకూడదు. ఇద్దరికి తెలిసింది రహస్యం కాదు. "సార్, వర్క్‌షాపు వేరు, ఇది వేరు" అని కూడా అన్నాను. నా గొంతు నాకే ఇంపుగా వినిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పెద్దాయన, "పండితుడు చెప్పినంక ఇగేమున్నది. సరే" అన్నాడు. గోడ వైపు తిరిగే ఆచారం ఆ రోజు మొదలయింది. దాన్ని కూడా ప్రతిపాదించింది నేనే.

మూడేళ్లు గడిచాయి. సంఘంలోకి తార్నాకలో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగి వచ్చాడు. ముప్పై అయిదు దాటని మనిషి, చురుకైనవాడు, చెడ్డవాడు కాదు. ఈ పాత గది, పాత మెషీన్, పాత పద్ధతులు ఆయనకు నచ్చలేదు. అంతా ఇంటర్నెట్‌లోకి పోవాలి, కుర్రాళ్లు రావాలి అన్నాడు. పెద్దాయన ప్రతిదానికీ "సూద్దాం, సూద్దాం" అనేవాడు. తార్నాక చౌరస్తా దగ్గర చాయ్ తాగుతూ కొందరు అధ్యక్షుణ్ణి మార్చాలనుకున్నారు. నన్నూ పిలిచారు.

"అన్నా, నీ పేపర్ గీ బోర్డు మీదనే ఎన్ని రోజులుంటది? నెట్‌ల పెడదాం. దునియా మొత్తం చదువుతది" అన్నాడు ఆ ఉద్యోగి.

దునియా మొత్తం. ఆ చాయ్ నాకు చాలా తియ్యగా అనిపించింది.

వచ్చే ఆదివారమే మీటింగ్. లెక్క ముందే తేలిపోయింది, కొత్తాయన వైపే అందరూ. వార్తాపత్రం అచ్చుతీసే ప్రింటర్ ఆఫీసు గదిలో ఉంటుంది, ఆదివారం తాళం. అందుకని నేను శనివారం పొద్దున్నే వార్త రాసేశాను. "ఆదివారం జరిగిన సమావేశంలో నూతన అధ్యక్షులు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. మాజీ అధ్యక్షులను సభ్యులు పూలమాలతో సత్కరించి, వారి సేవలను కొనియాడారు." పది కాపీలు తీసి, మర్నాడు అంటిద్దామని బైండింగ్ గది టేబుల్ మీద పెట్టి, నా పనిలో పడ్డాను. ప్రతి శనివారం పెద్దాయన డిస్కు కాపీకి వస్తాడన్న సంగతి మూడేళ్లుగా నాకు తెలుసు. ఆ పూట గుర్తుకు రాలేదు.

పదకొండింటికి ఒక కాపీ పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"పండితా, రేపటి మీటింగ్ అయిపోయిందా?"

"లేదు సార్, రేపే గదా" అన్నాను. అప్పుడు చూశాను ఆయన చేతిలో కాగితం.

"అయిపోయిందని రాసినవ్ గదనయ్యా. నాకు దండ గూడ ఏసిన్రట. ఏం పూలు? బంతిపూలా, చామంతులా?"

"సార్, ప్రింటర్ ఆదివారం బంద్ ఉంటది, అందుకని..."

"మంచిగ రాసినవ్. నిజంగ జరిగినట్టే ఉన్నది." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "పదేండ్లు చేసిన. పొమ్మంటే పోకపోదునా? ఒక్క మాట ముంగట చెప్పరాదె?"

అరల మధ్య చదువుకుంటున్న పిల్లలు తలెత్తి చూశారు. లైబ్రరీలో గట్టిగా మాట్లాడకూడదని ఆయనకు తెలుసు. నిజానికి గట్టిగా మాట్లాడలేదు కూడా.

ఆదివారం ఆయన రాలేదు. నేను రాసినట్టే ఏకగ్రీవం అయింది. పూలమాల మాత్రం కుర్చీ మీద పడి ఉండిపోయింది.

సోమవారం నేనూ కొత్త అధ్యక్షుడూ లాలాపేట్ వెళ్లాం. ఆయన లుంగీ మీద, గుమ్మంలో సైకిల్ చైనుకు నూనె పెడుతున్నాడు. లేచి కుర్చీలు వేశాడు. వాళ్లావిడ చాయ్ ఇచ్చింది. కొత్తాయన పాస్‌వర్డ్ సంగతి ఎత్తాడు.

"చెవుల చెప్పి పంపేటిది కాదయ్యా అది" అన్నాడు పెద్దాయన. "ఆ పిల్లకు మాటిచ్చిన. ఆ ఆడోళ్ల కడుపుల సంగతులున్నయ్ అందుల. వచ్చే ఆదివారం వస్తా. అందరిని గోడ దిక్కు తిరగమను. నేను కొడ్త. నువ్వు కూసొని నీది కొత్తది పెట్టుకో. గంతే. నాకేం కోపం లేదు." నా వైపు తిరిగి, "పండితా, ఆ ముచ్చట గూడ ఇయ్యాలనే రాసి పెట్టుకో" అన్నాడు. నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

వస్తూ దారిలో కొత్తాయన, "అన్నా, మనకు లైబ్రరీల కొత్త గది ఇస్తమన్నరు గదా, మెషీన్ ఇయ్యాలనే అక్కడికి మారుద్దాం. ఆదివారం పొద్దుగాల వరకు అంతా సెట్ చేసి పెడదాం" అన్నాడు. సరే అన్నాను. మేం వెళ్లేసరికి ఆ అమ్మాయి మెషీన్ ముందు ఉంది.

"ఆదివారం దాక ఆగరాదా అన్నా?" అంది కొత్తాయనతో. తర్వాత నా వైపు తిరిగింది. "సార్, బంద్ చేస్తే తాళం పడ్తది గదా? పెద్దసార్ లేరు గదా?"

"ఆదివారం వస్తనన్నరమ్మా. ఆరు రోజులే."

"నాకు ఇరవై రెండు రోజులే ఉన్నయ్ సార్. గడువు రెండుసార్లు పొడిగించిన్రు. ఇంక ఇయ్యరు."

"ఆరు రోజులు నీ కాయితాల పని చూసుకోమ్మా" అన్నాను పెద్దమనిషి తరహాలో. ఆమె రాసుకున్నది సేవ్ చేసింది. హెడ్‌ఫోన్ చుట్టి సంచిలో పెట్టుకుంది. నేను వంగి ప్లగ్గు పీకాను. అటెండర్ పనితో మొదలైనవాణ్ణి, ఇలాంటివి వేరేవాళ్లకు చెప్పడం నాకు అలవాటు లేదు. నా చేత్తోనే పీకాను.

బుధవారం పొద్దున పెద్దాయన పాలప్యాకెట్ కోసం వెళ్లి, దుకాణం మెట్ల మీద కూలబడ్డాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి ఆ అమ్మాయికి తొమ్మిది రోజులు మిగిలాయి. ఈలోపు కొత్తాయన తన కంపెనీ స్నేహితులిద్దర్ని తీసుకొచ్చాడు. వాళ్లు రెండు పూటలు కూర్చుని, "పెద్దాయన మంచి తాళమే ఏసిండు, ఇది తెరవడం అయ్యే పని కాదు" అని వెళ్లిపోయారు. ఆమె గైడ్ దగ్గర రెండు అధ్యాయాల ప్రింటు ఉంది. మిగతా నాలుగు అధ్యాయాలూ, గొంతులన్నీ లోపలే ఉన్నాయి. గొంతులిచ్చిన ముసలమ్మల్లో ముగ్గురు అప్పటికే పోయారు.

చివరికి నేనూ ఆ అమ్మాయీ లాప్‌టాప్‌కు కాపీ డిస్కు తగిలించుకుని లాలాపేట్ వెళ్లాం. వాళ్లావిడ ఆయన వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. ముఖం ఒక వైపుకు జారింది. మమ్మల్ని గుర్తుపట్టాడు. లాప్‌టాప్ చూడగానే అర్థం చేసుకున్నాడు. ఒడిలో పెట్టాం. స్క్రీన్ మీద పాస్‌వర్డ్ కొట్టమని గడి వచ్చింది. ఆయన ఎడమ చెయ్యి ఎత్తాడు. ఎత్తి, మీటల మీద పెట్టకుండా, గాల్లో ఒక సున్నా చుట్టాడు. మాకు అర్థం కాలేదు. మళ్లీ చుట్టాడు, విసుగ్గా.

వాళ్లావిడకు ముందు అర్థమైంది. "తిరగమంటుండు" అంది.

ముగ్గురం గోడ వైపు తిరిగాం.

ఆ గోడ మీద ఏదో బట్టల దుకాణం క్యాలెండరు, దాని పక్కన అద్దం బిగించిన పెద్ద ఫోటో. వర్క్‌షాపులో అందరూ కలిసి తీయించుకున్నది. వెనక ఒక టక్. చాలాసేపటికి ఇంకో టక్. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఒక్కో మీటకూ ఆయన ఊపిరి వినిపించింది. చివర ఎంటర్, పిచ్చుక ముక్కుతో పొడిచినంత. తిరిగి చూశాం. తప్పు.

మళ్లీ చెయ్యి సున్నా చుట్టింది. మళ్లీ తిరిగాం. తప్పు. మూడోసారి తప్పు. ఆయన పాస్‌వర్డ్ మరిచిపోయాడో, అది ఆయన తలలో కాకుండా ఆ పోయిన కుడిచేతి వేళ్లల్లోనే ఉండేదో నాకు తెలియదు. మూడేళ్లు వెనకనుంచి విన్నవాణ్ణి, ఆ టకటకలు ఒక వరసలో పడేవి. ఇప్పుడు ఆ వరస లేదు.

నాలుగోసారి తిరిగినప్పుడు గమనించాను. ఫోటో అద్దంలో ఒడి కనిపిస్తోంది, లాప్‌టాప్ కనిపిస్తోంది. ఒక అడుగు ఎడమకు జరిగితే వేలు ఏ మీట మీద పడుతోందో తెలుస్తుంది. సగం తెలిసినా చాలు, ఏది తప్పిపోతోందో పట్టుకోవచ్చు. నేను జరిగాను.

పక్కనుంచి ఆ అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. "వద్దు సార్" అంది, పెదవులు కదిలీ కదలకుండా. "సూడొద్దు."

తలతిప్పి చూస్తే, ఆమె కళ్లు మూసుకుని నిలబడి ఉంది. నేనూ మూసుకున్నాను.

ఏడోసారి తర్వాత టకటకలు ఆగిపోయాయి. గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. తిరిగి చూస్తే ఆయన ఎడమ చేత్తో కుడి చేతిని కొడుతున్నాడు, మొరాయించిన మెషీన్‌ను కొట్టినట్టు. వాళ్లావిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"చాలు సార్. ఇగ చాలు" అని ఆ అమ్మాయి లాప్‌టాప్ మూసేసింది. ఆయన పాదాల మీద దుప్పటి సర్దింది. "మీరు మంచిగైనంక చూద్దాం."

ఆయన మంచిగ కాలేదు. వానాకాలంలో పోయాడు.

ఆ సాయంత్రం కొత్త అధ్యక్షుడికి జరిగింది చెబితే, "అరే అన్నా, ఫోన్ అటు పెట్టి వీడియో తియ్యకపోయినవా?" అన్నాడు. తప్పుగా అనలేదు. తెలివైన మాటే.

గడువు దాటింది. ఆమె దరఖాస్తు పెట్టుకుంది, గైడ్ కూడా యూనివర్సిటీ సెక్షన్ ఆఫీసు చుట్టూ తిరిగింది. మెషీన్‌కు తాళం పడిందంటే అక్కడివాళ్లు వింతగా చూశారు. రిజిస్ట్రేషన్ రద్దయింది. హాస్టల్ ఖాళీ చేసిన రోజు ఆమె లైబ్రరీకి వచ్చి, తన పేరు మీదున్న పుస్తకాలన్నీ లెక్కగా అప్పగించింది. నేనే తీసుకున్నాను.

ఆ పుస్తకాలు సర్దడానికి వెళ్లినప్పుడే, పై అరలో ఆ లావుపాటి భద్రత పుస్తకం కనిపించింది. తీశాను. నేను పెట్టిన చీటీ అలాగే ఉంది. ఆ పేజీ మళ్లీ చదివాను. రాయకూడదు, చెప్పకూడదు, అంతా నేను చెప్పినట్టే ఉంది. అప్పుడు పేజీ తిప్పాను. రెండో వైపు మొదటి పేరాలోనే ఉంది. ఇది రోజువారీ వాడకానికి. కానీ ఒక్క మనిషి మీదే ఆధారపడ్డ చోట, పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, సీలు వేసి, నమ్మకమైన చోట భద్రపరచాలి. ఆ మనిషికి ఏమైనా కావచ్చు.

మీటింగ్ రోజున ఆ పేజీ దాకా చదివి, నేను చెప్పదలుచుకున్నదానికి సరిపోయిందని ఆపేశాను. ఏ పుస్తకమూ చదవని ఫోర్‌మన్‌కు రెండో పేజీ తెలుసు. ఇంతకాలం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ అమ్మాయికి కూడా.

సంఘం ఏడాది తిరక్కుండా ఆగిపోయింది. కొత్తాయనకు వేరే ఊరు బదిలీ. ఫోన్లో గ్రూపు ఇంకా ఉంది, రోజూ పొద్దున ఎవరో పువ్వుల బొమ్మ పెడతారు. మెషీన్ లైబ్రరీ స్టోర్‌రూమ్‌లో, విరిగిన కుర్చీల కింద ఉంది. పాత సామాను వేలం వేసినప్పుడల్లా దాన్ని జాబితాలోంచి కొట్టేయించేవాణ్ణి. రిటైరయ్యే ముందు చేసిన చివరి పని కూడా అదే. ఇకమీదట ఆ పని మీది.

ఆమె ఇప్పుడు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. మొన్న తార్నాక బస్టాపులో కనిపించింది. లాలాగూడ వెళ్లి వస్తున్నానంది.

"ఇంకా పోతనే ఉన్నవా అమ్మా?"

"ఒక్క ముసలామె మిగిలింది సార్. సూడబోయిన. పోయినప్పుడల్లా అడుగుతది, 'నా ముచ్చట్లు ఏం జేసినవ్ బిడ్డా' అని."

ఏం చెబుతావని నేను అడగకముందే ఆమే చెప్పింది.

"భద్రంగ ఉన్నయ్ అవ్వా, ఎవ్వలూ తియ్యలేరు అంటున్న."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. రెండో పేజీ సంగతి ఆ రోజు కూడా చెప్పలేదు. ఇదుగో, ఇలా రాశాను. ఈసారి జరిగిన తర్వాతే రాశాను.